ఫైబ్రాయిడ్లతో అరుదుగా వచ్చే చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైబ్రాయిడ్ అంటే అసలేమిటి? అది క్యాన్సరా?

కాదు. గర్భసంచి గోడ కండరంతో తయారై ఉంటుంది. ఆ కండరంలోని ఒకే ఒక్క కణం అదుపు తప్పి పెరిగి, గుండ్రటి గట్టి గడ్డగా తయారైతే దాన్నే ఫైబ్రాయిడ్ అంటారు. డాక్టర్లు లియోమయోమా అని, మయోమా అని కూడా రాస్తారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఉన్నంతకాలం పెరుగుతుంది. అందుకే రజస్వల కాకముందు దాదాపు కనిపించదు, ముట్లు ఆగిపోయాక చాలామందిలో దానంతట అదే చిన్నదవుతుంది.

ఇవి ఎంత మామూలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 2003లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, 50 ఏళ్లు వచ్చేసరికి తెల్లజాతి మహిళల్లో దాదాపు 70 శాతం మందికి, నల్లజాతి మహిళల్లో 80 శాతానికి పైగా స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్లు కనిపిస్తాయి. వీళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

మరి అరుదైన చిక్కుల గురించి చదివి భయపడటం ఎందుకు?

భయపడటానికి కాదు. ఫైబ్రాయిడ్ ఉన్నవారికి ఎక్కువగా వచ్చే ఇబ్బంది అధిక రక్తస్రావం, దానివల్ల రక్తహీనత. ఆ తర్వాత పొత్తికడుపు బరువు, మాటిమాటికి మూత్రం, మలబద్ధకం. కింద చెప్పబోయేవి వీటిలో ఏవీ కావు. చాలామంది గైనకాలజిస్టులు తమ సర్వీసు మొత్తంలో కొన్నిటిని ఒకటి రెండుసార్లే చూస్తారు.

తెలుసుకోవడం వల్ల రెండు లాభాలున్నాయి. వీటిలో కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తాయి, అప్పుడు ‘గ్యాస్ నొప్పిలే’ అనుకుని పడుకోకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర ‘గడ్డ ఉంది, తీయకపోతే క్యాన్సర్ అయిపోతుంది’ అనే ఒక్క మాటతో గర్భసంచి తీసేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఏ ప్రమాదం నిజమో, ఏది కాదో తెలిసిన మనిషిని అలా భయపెట్టడం కష్టం.

స్కానింగ్ రిపోర్టులో ముందుగా ఏం చూడాలి?

అందరూ సైజు చూస్తారు. దానికంటే ముందు గడ్డ ఎక్కడుందో చూడండి. గర్భసంచి లోపలి పొర కిందకు పొడుచుకొచ్చింది సబ్‌మ్యూకస్, గోడ మధ్యలో ఉన్నది ఇంట్రామ్యూరల్, బయటి వైపుకు పెరిగింది సబ్‌సీరస్. కాడతో వేలాడుతుంటే పెడంక్యులేటెడ్ అని రాస్తారు. లోపలికి పెరిగిన 2 సెంటీమీటర్ల గడ్డ విపరీతంగా బ్లీడింగ్ చేయొచ్చు, బయటికి పెరిగిన 7 సెంటీమీటర్ల గడ్డ ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. చిక్కులు కూడా అంతే, ఏ చోటి గడ్డకు ఆ చోటి ప్రమాదం.

‘యుటెరస్ 14 వారాల సైజు’ అని రాస్తే కంగారు పడకండి. 14 వారాల గర్భంలో గర్భసంచి ఎంత ఉంటుందో అంత పెరిగిందని దానర్థం.

ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వచ్చింది. గడ్డ వల్లేనా?

కావచ్చు. కాడతో వేలాడే సబ్‌సీరస్ గడ్డ ఒక్కోసారి తన కాడ చుట్టూ తానే మెలిపడుతుంది. రక్తం అందక గడ్డ చచ్చుబడటం మొదలవుతుంది. నొప్పి నిమిషాల్లో పెరుగుతుంది, ఎక్కువగా ఒక పక్కనే ఉంటుంది, వాంతులు తోడవుతాయి. కొందరిలో ముందు రోజుల్లో వచ్చి పోయే నొప్పి ఉంటుంది. మెలిక కొంచెం పడి విడిపోవడం వల్ల అలా అవుతుంది.

చిక్కేమిటంటే అండాశయం మెలిపడినా, అపెండిక్స్ వాచినా ఇదే తీరు. స్కానింగ్‌లో కాడ మెలిక ప్రతిసారీ స్పష్టంగా కనిపించదు. అందుకే అనుమానం బలంగా ఉంటే సర్జన్ లాపరోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూసి, అక్కడే గడ్డను తీసేస్తారు. గర్భసంచి తీయాల్సిన పని సాధారణంగా ఉండదు. మీ పాత స్కానింగ్‌లో ‘పెడంక్యులేటెడ్’ అనే మాట ఉందని క్యాజువాల్టీలో మొదటి నిమిషంలోనే చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరు ఆలోచననే మార్చేస్తుంది.

గడ్డ లోపల పగిలి రక్తం కారుతుందా?

సాధారణంగా గడ్డ పగలదు. పెద్ద సబ్‌సీరస్ గడ్డ ఉపరితలం మీద ఉబ్బిన సిరలు ఉంటాయి. వాటిలో ఒకటి చిట్లితే పొట్ట లోపల రక్తం పోగవుతుంది. చాలా చాలా అరుదు. నెలసరి రోజుల్లో, బరువులెత్తినప్పుడు, పొట్టకు దెబ్బ తగిలినప్పుడు జరిగిన కేసులున్నాయి. ఏ కారణమూ లేకుండానే జరిగినవీ ఉన్నాయి.

బయటికి ఒక్క చుక్క రక్తం కనబడదు. కడుపునొప్పి, కళ్లు తిరగడం, చెమటలు, మొహం పాలిపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం మాత్రమే ఉంటాయి. పొట్టలోని రక్తం డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరను) తాకితే భుజం కొన దగ్గర నొప్పి వస్తుంది. ఈ లక్షణాలు కనిపించగానే డాక్టర్లు మొదట ట్యూబులో గర్భం పగిలిందేమో అని అనుమానిస్తారు, అది సరైన అనుమానమే. ప్రెగ్నెన్సీ పరీక్ష నెగెటివ్ వచ్చి, స్కానింగ్‌లో పొట్టలో రక్తమూ గడ్డా రెండూ కనబడితే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో ఇలా ఎవరికైనా అయితే మాత్రలు వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి. దీనికి రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయడం తప్ప మరో దారి లేదు.

ఐదో నెల గర్భం. గడ్డ ఉన్నచోట విపరీతమైన నొప్పి, కొంచెం జ్వరం. బిడ్డకు ప్రమాదమా?

ఎక్కువమంది గర్భిణులు అడిగే ప్రశ్న ఇదే. వాళ్లలో ఎక్కువమందికి ఊరటనిచ్చే జవాబే ఉంది. గర్భంలో కొన్ని గడ్డలు పెరుగుతాయి, వాటికి సరఫరా అయ్యే రక్తం చాలదు. గడ్డ మధ్యభాగం రక్తం అందక చచ్చుబడి, పచ్చి మాంసంలా ఎర్రగా మారుతుంది. దీన్నే రెడ్ డీజనరేషన్ అంటారు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఎక్కువగా కనిపిస్తుంది. వేలితో చూపించగలిగేంత కచ్చితంగా ఒకేచోట నొప్పి, ముట్టుకుంటే జివ్వుమనడం, ఒళ్లు వెచ్చబడటం, వాంతులు, రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగడం దీని తీరు. కుడివైపు ఉంటే అపెండిసైటిస్ అనే అనుమానం తప్పదు.

చికిత్స విశ్రాంతి, సెలైన్, పారాసెటమాల్. చాలామందిలో కొద్దిరోజుల నుంచి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది, గర్భం మామూలుగా సాగుతుంది. కొందరిలో గర్భసంచి బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి ఆసుపత్రిలో ఉంచి గమనిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నొప్పి ఎక్కువగా ఉందని మెడికల్ షాపులో ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ కొని వేసుకోవద్దు. 20 వారాలు దాటాక ఈ తరహా మందులు కడుపులో బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. 30 వారాల తర్వాతైతే బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు కొద్దిరోజులకు రాసి, స్కాన్‌తో గమనిస్తే అది వేరే విషయం.

‘గర్భంలోనే గడ్డ తీసేయొచ్చుగా’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. గర్భసంచికి రక్తప్రసరణ ఉధృతంగా ఉండే సమయమది. కత్తి పెడితే బ్లీడింగ్ అదుపు తప్పొచ్చు. తప్పనిసరైతే తప్ప ఎవరూ ముట్టుకోరు.

గడ్డతో నార్మల్ డెలివరీ అవుతుందా?

చాలామందికి అవుతుంది. గడ్డ గర్భసంచి కింది భాగంలోనో, ముఖద్వారం దగ్గరో ఉండి బిడ్డ తలకు అడ్డొస్తే సిజేరియన్ తప్పదు. పెద్ద గడ్డలుంటే బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం, నెలలు నిండకముందే నొప్పులు రావడం, మాయ ముందుగా విడిపోవడం, కాన్పు తర్వాత ఎక్కువ రక్తం పోవడం కొంచెం ఎక్కువ. కాబట్టి రక్తం నిల్వ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోండి. తిథి, నక్షత్రం చూసే ఓపికలో సగం ఈ విషయం మీద పెట్టినా చాలు.

నిద్రలేచేసరికి మూత్రం రావడమే లేదు. పొట్ట ఉబ్బిపోయింది. ఇదీ గడ్డ వల్లేనా?

అయ్యే అవకాశం ఉంది. గర్భసంచి వెనక గోడలో పెరిగిన గడ్డ కటి ఎముకల మధ్య ఇరుక్కుంటే, గర్భసంచి ముఖద్వారం ముందుకూ పైకీ జరిగి మూత్రాశయం ద్వారాన్ని నొక్కేస్తుంది. నెలసరికి ముందు రోజుల్లో, లేదా గర్భం మూడో నాలుగో నెలలో ఇలా జరుగుతుంది. రాత్రంతా మూత్రం ఆపుకుని పడుకున్నాక తెల్లారి బయటపడటం ఎక్కువ.

క్యాథెటర్ వేయగానే ప్రాణం లేచొస్తుంది. కానీ మూత్రం వచ్చేసిందని ఇంటికెళ్లి మర్చిపోతే వచ్చే నెల మళ్లీ అదే కథ. ‘యూరిన్ ఇన్ఫెక్షన్’ అని రాసిచ్చిన యాంటీబయాటిక్స్ మింగుతూ నెలలు గడిపేవారు ఉన్నారు. ఇలా రెండోసారి అయితే పొత్తికడుపు స్కానింగ్ చేయించమని మీరే అడగండి.

గడ్డ వల్ల కిడ్నీ పాడవుతుందా? నాకు నొప్పేమీ లేదు.

నొప్పి లేకపోవడమే దీనితో సమస్య. బాగా పెద్దగా పెరిగిన గర్భసంచి, కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టాన్ని నెమ్మదిగా నొక్కుతుంది. కిడ్నీలో మూత్రం నిలిచి ఉబ్బుతుంది. దీన్ని హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. కుడివైపు ఎక్కువ. నెలల తరబడి అలాగే వదిలేస్తే కిడ్నీ పనితనం తగ్గుతుంది, మీకు ఏమీ తెలియదు. గర్భసంచి బొడ్డు దాకా పెరిగినవారు స్కానింగ్ చేయించుకునేటప్పుడు కిడ్నీలు కూడా చూడమని చెప్పి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. పెద్ద ఖర్చేమీ కాదు. సకాలంలో గడ్డ తీసేస్తే చాలాసార్లు కిడ్నీ వాపు తగ్గిపోతుంది.

ఒక కాలు మాత్రమే వాచింది. దానికీ గర్భసంచి గడ్డకీ సంబంధం ఏముంటుంది?

కాళ్ల నుంచి రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే పెద్ద సిరలు గర్భసంచి పక్క నుంచే పోతాయి. భారీ గడ్డ వాటిని నొక్కితే రక్తం నిదానించి, కాలి లోపలి సిరలో గడ్డకడుతుంది. డీవీటీ అనేది ఇదే. ఎక్కువగా ఎడమకాలు. పిక్క గట్టిపడుతుంది, నొప్పి, వెచ్చదనం ఉంటాయి. రెండు కాళ్లూ సమానంగా వాస్తే కారణం రక్తహీనత వంటిది కావొచ్చు, ఒక్కటే వాస్తే మాత్రం అదే రోజు డాప్లర్ స్కాన్ చేయించాలి. అక్కడి నుంచి రక్తపు గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం. అది ప్రాణాంతకం.

చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. బ్లీడింగ్ తగ్గడానికి ఇచ్చే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు రక్తపు గడ్డను కరగనివ్వవు. సిరలో గడ్డకట్టినవారికి అవి ఇవ్వకూడదు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. కాబట్టి గైనకాలజిస్టు దగ్గరకు బ్లీడింగ్ కోసం వెళ్లినప్పుడు కాలు వాపు సంగతి ‘అది వేరే కదా’ అనుకుని దాచొద్దు.

ఫైబ్రాయిడ్ ఉంటే రక్తం తగ్గాలి కదా, నా హిమోగ్లోబిన్ 17 ఎందుకు వచ్చింది?

ల్యాబ్ తప్పు కావొచ్చు, ముందు మళ్లీ పరీక్ష చేయించండి. మళ్లీ అంతే వస్తే ఇది ఫైబ్రాయిడ్ల వింతల్లోకెల్లా వింత. కొన్ని గడ్డలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. మామూలుగా అది కిడ్నీలు చేసే పని. ఆ హార్మోన్ ఎముక మజ్జను తొందరపెడుతుంది, ఎర్రకణాలు అవసరానికి మించి పుడతాయి. ఇలాంటి కేసు వైద్య పత్రికల్లో మొదట 1953లో వచ్చింది. సాధారణంగా గడ్డ చాలా పెద్దదై ఉంటుంది. మొహం ఎర్రబడటం, తలనొప్పి ఉండొచ్చు, ఏ లక్షణమూ లేకపోవచ్చు.

రక్తం చిక్కబడితే సిరల్లో గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఆపరేషన్ సమయంలో ఇంకా ఎక్కువ. అందుకే ఆపరేషన్‌కు ముందు కొంత రక్తం తీసి పలచబరుస్తారు. ‘గడ్డలకు ఆపరేషనంటే రక్తం ఎక్కిస్తారు గానీ తీస్తారా’ అని బంధువులు ఆశ్చర్యపోతారు, తీస్తారు. గడ్డ తీసేశాక హిమోగ్లోబిన్ దానంతట అదే మామూలు స్థాయికి వస్తుంది. రాకపోతే రక్తవ్యాధుల నిపుణులు వేరే కారణం వెతకాలి.

కడుపులో నీరు చేరింది, సీఏ-125 ఎక్కువగా ఉంది. అండాశయ క్యాన్సర్ అని చెప్పారు. ఇంకేదైనా అవకాశం ఉందా?

ముందుగా ఒక మాట. పొట్టలో గడ్డ, నీరు, రక్తపరీక్షలో సీఏ-125 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడు డాక్టర్లు క్యాన్సర్‌ను అనుమానించడమే సరి, పరీక్షలు వాయిదా వేయకండి. అయితే అరుదుగా మామూలు ఫైబ్రాయిడ్ కూడా ఇదే వేషం వేస్తుంది. పొట్టలో నీరు, ఊపిరితిత్తి చుట్టూ నీరు, ఎక్కువగా కుడివైపు. దీన్ని సూడో-మీగ్స్ సిండ్రోమ్ అంటారు. అండాశయంలోని ఫైబ్రోమా అనే మామూలు గడ్డతో ఇలా నీరు చేరడాన్ని 1937లో అమెరికా వైద్యుడు జో విన్సెంట్ మీగ్స్ తన సహచరుడితో కలిసి వివరించారు. అదే తీరు వేరే గడ్డలతో కనిపిస్తే ‘సూడో’ అంటారు. గడ్డ తీసేసిన కొద్దివారాల్లో నీరు మాయమవుతుంది, మళ్లీ చేరదు.

సీఏ-125 మాటకొస్తే, 35 దాటితే ఎక్కువని రిపోర్టులో రాస్తారు. కానీ ఫైబ్రాయిడ్, ఎండోమెట్రియోసిస్, గర్భం, పొట్టలో నీరు చేరడం, ఇవన్నీ దాన్ని పెంచగలవు. ఆ ఒక్క నంబరుతో క్యాన్సర్ ఉందని గానీ లేదని గానీ తేల్చరు. మన దేశంలో ఇంకొక అనుమానితుడు కూడా ఉన్నాడు, పొట్టలోని టీబీ. అది కూడా నీరు చేరుస్తుంది, సీఏ-125ను వందల్లోకి తీసుకెళ్తుంది. అందుకే నీటిని తీసి క్యాన్సర్ కణాలకు, టీబీకి పరీక్షించి, ఎంఆర్ఐ చూసి, చివరికి తీసిన గడ్డ బయాప్సీ చూసి తేలుస్తారు. బయాప్సీ రాకముందే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టడం గానీ, నీళ్ల రిపోర్టు బాగుందని ఆపరేషన్ మానేయడం గానీ రెండూ తొందరపాటే.

యోని దగ్గర ఏదో గడ్డలా తగులుతోంది, కాన్పు నొప్పుల్లా వస్తున్నాయి.

గర్భసంచి లోపల కాడతో ఉన్న సబ్‌మ్యూకస్ గడ్డను గర్భసంచి బయటికి తోసేయాలని చూస్తుంది. నొప్పులు అందుకే కాన్పు నొప్పుల్లా ఉంటాయి. గడ్డ ముఖద్వారం దాటి యోనిలోకి దిగుతుంది, దుర్వాసనతో నీరు, రక్తం పోతాయి. చాలాసార్లు కింది నుంచే కాడను కట్టి తీసేయొచ్చు, పొట్ట కోయనక్కర్లేదు.

చేయకూడని పని ఒకటే, లాగడం. గడ్డ గర్భసంచి పైకప్పుకు అతుక్కుని ఉంటే దాంతోపాటు గర్భసంచి కూడా లోపలి వైపు బయటికి తిరగబడుతుంది. కాన్పుతో సంబంధం లేకుండా గర్భసంచి తిరగబడటం అత్యంత అరుదు. అలా జరిగిన కేసుల్లో తరచుగా కనిపించే కారణం ఇలాంటి గడ్డే.

కాన్పు తర్వాత, అబార్షన్ తర్వాత వదలని జ్వరం గడ్డ వల్ల వస్తుందా?

వస్తుంది. రక్తం అందక చచ్చుబడిన గడ్డలోకి బాక్టీరియా చేరితే అది చీముగడ్డ అవుతుంది, పయోమయోమా అంటారు. రక్తనాళాన్ని మూసి గడ్డను ఎండబెట్టే యుటెరైన్ ఆర్టరీ ఎంబొలైజేషన్ తర్వాత, షుగర్ ఉన్న పెద్దవయసు మహిళల్లో కూడా జరుగుతుంది. యాంటీబయాటిక్ మారుస్తున్నా జ్వరం తగ్గదు, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలన్నీ బాగుంటాయి, స్కానింగ్‌లో ‘పాత ఫైబ్రాయిడే’ అని వదిలేస్తారు. ఆలస్యం అక్కడే జరుగుతుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే సెప్సిస్. మందులతోపాటు చీమును గానీ గడ్డను గానీ తీయాల్సి వస్తుంది.

పదేళ్ల కిందట గర్భసంచి తీయించుకున్నాను. ఇప్పుడు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు కనిపించాయి.

దీనికి కారణాలు చాలా ఉంటాయి, క్యాన్సర్, టీబీ ముందు వరుసలో ఉంటాయి. అరుదైన కారణం బినైన్ మెటాస్టసైజింగ్ లియోమయోమా. పేరులోనే వైరుధ్యం ఉంది. క్యాన్సర్ కాని గడ్డ, క్యాన్సర్‌లా వేరే చోటికి పాకుతుంది. 1939 నుంచి వైద్యులకు తెలిసిన సంగతే ఇది. గర్భసంచి నుంచి కండర కణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి. చాలామందికి దగ్గు గానీ ఆయాసం గానీ ఉండదు, వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది.

సూదితో ముక్క తీసి చూస్తే మామూలు కండరపు గడ్డ కణాలే కనబడతాయి. వాటి మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు ఉంటాయి, కాబట్టి హార్మోన్ తగ్గించే మందులు పనిచేస్తాయి. ముట్లు ఆగిన వయసువారిలో కొన్నిసార్లు గమనిస్తూ ఉంటే చాలు. ఛాతీ డాక్టరుకు ‘ఎప్పుడో గడ్డలకు ఆపరేషన్ అయింది’ అని చెప్పకపోతే ఈ ఆలోచనే వారికి రాదు.

గుండె దాకా పెరిగే ఫైబ్రాయిడ్ నిజంగా ఉంటుందా?

ఉంటుంది. ఇంట్రావీనస్ లియోమయోమటోసిస్ అంటారు. గడ్డ కణాలు గర్భసంచి సిరల్లోకి దూరి, తీగలా పాకుతూ పొట్టలోని పెద్ద సిర గుండా గుండె కుడి గదిలోకి చేరతాయి. 1896లో జర్మన్ వైద్యుడు బిర్ష్-హిర్ష్‌ఫెల్డ్ సిరల్లో పెరుగుదలను వర్ణించారు, గుండెకు చేరిన కేసు 1907లో వచ్చింది. ఆయాసం, కాళ్ల వాపు, వంగినప్పుడో లేచినప్పుడో స్పృహ తప్పడం లక్షణాలు. ఎకోలో చూసినవారు రక్తపు గడ్డ అనో, గుండెలోనే పుట్టిన కణితి అనో అనుకునే అవకాశం ఎక్కువ. గుండె సర్జన్, గైనకాలజిస్టు కలిసి చేయాల్సిన పెద్ద ఆపరేషన్ ఇది. మళ్లీ రావొచ్చు కాబట్టి తర్వాత కూడా స్కాన్లు ఉంటాయి.

గడ్డ వేగంగా పెరుగుతోంది. క్యాన్సర్‌గా మారుతున్నట్టేనా?

ఈ ఒక్క ప్రశ్న చూపించి చేసిన ఆపరేషన్లకు లెక్క లేదు. లియోమయోసార్కోమా అనే క్యాన్సర్ ఉన్న మాట నిజం, ప్రమాదకరమైనదన్న మాటా నిజం. కానీ అది చాలావరకు మొదటి నుంచీ క్యాన్సర్‌గానే పుడుతుంది, ఏళ్లుగా ఉన్న మామూలు గడ్డ మారి అలా అవదు. వేగంగా పెరగడం నమ్మదగిన గుర్తు కూడా కాదు. 1994లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, గడ్డ వేగంగా పెరుగుతోందని ఆపరేషన్ చేసిన 371 మందిలో సార్కోమా ఉన్నది ఒక్కరికే.

నిజంగా జాగ్రత్తపడాల్సింది ముట్లు ఆగిపోయాక. ఆ వయసులో హార్మోన్లు తీసుకోకపోయినా గడ్డ కొత్తగా వచ్చినా, పెరిగినా, మళ్లీ బ్లీడింగ్ కనబడినా ఊరుకోకూడదు. లోపలి పొర బయాప్సీ, ఎంఆర్ఐ అవసరం.

లాపరోస్కోపీలో గడ్డను ముక్కలు చేసి తీస్తామన్నారు. దానివల్ల ఏదైనా ప్రమాదం ఉందా?

చిన్న రంధ్రం గుండా పెద్ద గడ్డ రావాలంటే మోర్సెలేటర్ అనే యంత్రంతో ముక్కలు చేయాలి. ఆ ముక్కలు పొట్టలో చెల్లాచెదురైతే రెండు చిక్కులు. మామూలు గడ్డ ముక్కలైతే పేగుల మీదో పొట్ట లోపలి పొర మీదో అతుక్కుని కొత్త గడ్డలుగా పెరుగుతాయి, వీటిని పారసైటిక్ ఫైబ్రాయిడ్లు అంటారు. గడ్డలో ఎవరికీ తెలియని సార్కోమా ఉంటే క్యాన్సర్ పొట్టంతా పాకుతుంది.

అమెరికాలో ఏమీ రీడ్ అనే మత్తు డాక్టరుకు 2013లో ఇదే జరిగింది. ఆమె, ఆమె భర్త చేసిన ప్రచారంతో విషయం దేశమంతా చర్చకొచ్చింది. 2014 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఫైబ్రాయిడ్లకు ఆపరేషన్ చేయించుకునే ప్రతి 350 మందిలో ఒకరికి తెలియని సార్కోమా ఉండొచ్చని అంచనా వేసింది. తర్వాతి విశ్లేషణలు ఆ ప్రమాదం అంతకంటే తక్కువని చెప్పాయి. ఏమీ రీడ్ 2017లో చనిపోయారు. ఇప్పుడు ఎఫ్‌డీఏ చెప్పేదేమిటంటే సంచిలో పెట్టి ముక్కలు చేయాలి, 50 ఏళ్లు దాటినవారికి, ముట్లు ఆగినవారికి ఈ పద్ధతి వాడకూడదు. మీ సర్జన్‌ను ‘బ్యాగ్‌లో పెట్టి చేస్తారా’ అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

నాకు 26 ఏళ్లు, అప్పుడే చాలా గడ్డలు. మా అమ్మకూ, పిన్నికీ ఉన్నాయి. వంశపారంపర్యమా?

కుటుంబంలో ఫైబ్రాయిడ్లు ఉండటం మామూలే. ఒక్క సందర్భం మాత్రం వేరు. చిన్న వయసులోనే చాలా గడ్డలు, చర్మం మీద నొప్పి పుట్టే చిన్న బుడిపెలు, కుటుంబంలో ఎవరికైనా కిడ్నీ క్యాన్సర్, ఇవి కలిస్తే ఫ్యూమరేట్ హైడ్రటేజ్ అనే జన్యువులో లోపం ఉందేమో చూడాలి. ఈ లోపం ఉన్నవారిలో వచ్చే కిడ్నీ క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడే పాకే రకం, అందుకే ప్రతి ఏడూ ఎంఆర్ఐతో కిడ్నీలు చూస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

ఇన్ని చిక్కులు ఉన్నప్పుడు పిల్లలు పుట్టేశాక గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదులుతుంది కదా?

మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందో లెక్కలే చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఇక్కడి గర్భసంచులకు మాత్రమే అంత జబ్బు వచ్చిందని నేను నమ్మను. అనవసర హిస్టరెక్టమీల (గర్భసంచి తీసేసే ఆపరేషన్ల) మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

పైన చెప్పిన అరుదైన చిక్కులు ‘వస్తాయేమో’ అని ముందుజాగ్రత్తగా గర్భసంచి తీయడానికి ఏ ఒక్కటీ కారణం కాదు. లక్షణాలు లేని గడ్డను గమనిస్తే చాలు. బ్లీడింగ్ ఉంటే ముందు మాత్రలు, హార్మోన్ లూప్, అవసరాన్ని బట్టి గడ్డ ఒక్కటే తీసే మయోమెక్టమీ లేదా 1995లో పారిస్ వైద్యులు ప్రకటించిన ఎంబొలైజేషన్ ఉన్నాయి. ఇవి పనిచేయనప్పుడు, లేదా మీరే ఇక చాలనుకున్నప్పుడు గర్భసంచి తీయించుకోవడం తప్పేమీ కాదు, అది మంచి ఆపరేషనే. అప్పుడు కూడా అండాశయాలు ఎందుకు తీస్తున్నారో అడగండి. 38 ఏళ్లకు అవి పోతే ఒక్కసారిగా మెనోపాజ్, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ప్రమాదం ముందే మొదలవుతాయి.

ఆపరేషన్ అయిపోయింది. ఏ కాగితాలు దాచుకోవాలి?

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. బయాప్సీ రిపోర్టు తప్పకుండా అడిగి తీసుకోండి. తీసిన గడ్డను ప్యాథాలజీకి పంపకుండా పారేసే చోట్లు ఇంకా ఉన్నాయి, ఆపరేషన్‌కు ముందే ‘పంపుతారా’ అని అడగాలి. ఊపిరితిత్తుల మచ్చల విషయంలో ఏళ్ల తర్వాత డాక్టరు మొదట అడిగేది ఈ రిపోర్టే.

గడ్డ మాత్రమే తీయించుకుని ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఆపరేషన్ నోట్స్ కూడా కావాలి. గర్భసంచి గోడను ఎంత లోతుగా కోశారు, లోపలి గది తెరుచుకుందా అనేది అందులో ఉంటుంది. లోతుగా కోసి ఉంటే తర్వాతి గర్భంలో నొప్పులు వచ్చినప్పుడు పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. సిజేరియన్ ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది ఆ నోట్స్ చూసే. పుట్టింట్లో కాన్పు అనుకుంటే, జిరాక్సు ఒకటి అక్కడ కూడా పెట్టండి.